తొందరపడే ల్యాబుకు తలకిందుల సలహాలు

ల్యాబులో కొత్తగా చేరిన కెమిస్టుకు నాలుగు వైపుల నుంచీ సలహాలు వస్తాయి. ఎవరు చెప్పినా సారం ఒకటే: తొందరగా కానివ్వు. గబగబా దిగే కాగితం వెయ్యి, పంపు పెట్టు, బర్నరు మంట పెంచు, క్రూసిబుల్ కాస్త చల్లారగానే తూచెయ్యి. చెప్పేవాళ్ళను తప్పుపట్టలేం. సాయంత్రంలోగా శాంపిళ్ళన్నిటికీ రిపోర్టు రాయాల్సిన ఒత్తిడిలోంచి పుట్టిన మాటలవి. చాలా పరీక్షల్లో అవి చెల్లుతాయి కూడా. గ్రావిమెట్రీలో మాత్రం చెల్లవు.

తెలుసుకోవలసిన పదార్థాన్ని కరగని అవక్షేపంగా మార్చి, వడకట్టి, కడిగి, కాల్చి, చివరికి తూచి తేల్చడమే గ్రావిమెట్రీ. ఇందులో ప్రతి మెట్టు దగ్గరా పోయింది పోయినట్టే. వెనక్కి వెళ్ళి దిద్దుకోవడానికి వీలుండదు. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్ళు ఇచ్చే సలహాలు మొదటిసారి వింటే తలకిందులుగా అనిపిస్తాయి. అలాంటి పన్నెండు సలహాలు ఇక్కడ రాస్తున్నాను. ప్రతిదానికీ కారణం కూడా చెబుతాను. కారణం సరిగ్గా ఉందనిపిస్తేనే పాటించండి.

ఉదాహరణకు పల్నాడు, నల్గొండ ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీల్లో బాగా తెలిసిన పరీక్షనే తీసుకుందాం. అది సిమెంటులో సల్ఫర్ ట్రయాక్సైడ్ శాతం. 1 గ్రాము సిమెంటును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, కరగనిదాన్ని వడకట్టి తీసేసి, తేట ద్రావణానికి బేరియం క్లోరైడ్ కలుపుతారు. తెల్లని బేరియం సల్ఫేట్ దిగుతుంది. దాన్ని బూడిద మిగలని కాగితంలో వడకట్టి, కాల్చి, తూచి, ఆ బరువును 0.343తో గుణిస్తారు. సిమెంటులో సల్ఫర్ ట్రయాక్సైడ్ 2.5 శాతం ఉంటే దొరికే అవక్షేపం సుమారు 73 మిల్లీగ్రాములు. అందులో 1 మిల్లీగ్రాము పోయినా, అదనంగా చేరినా ఫలితం 0.034 శాతం మారిపోతుంది. ఇప్పుడు ఎక్స్‌రే యంత్రాలు నిమిషాల్లో అంకెలు చెబుతున్నాయి. నిజమే. కానీ ఆ యంత్రాన్ని సరిచూసుకునే ప్రామాణిక నమూనాల వెనక ఇలాంటి తడి రసాయన పరీక్షలే ఉంటాయి. అక్కడ చెయ్యి జారితే ఆ తప్పు యంత్రం చెప్పే ప్రతి అంకెలోకీ పాకుతుంది.

1. అన్నిటికంటే ఆలస్యంగా దిగే కాగితాన్నే తీసుకోండి

వాట్‌మన్ 40 వరుసలోని కాగితాలన్నీ బూడిద మిగలనివే. తేడా అంతా రంధ్రాల్లో ఉంది. 41వ నంబరు సుమారు 20 మైక్రాన్లకు పైబడిన కణాలను ఆపుతుంది. 40వ నంబరు 8 మైక్రాన్ల దాకా, 42వ నంబరు 2.5 మైక్రాన్ల దాకా ఆపుతాయి. వేగం కూడా ఆ వరుసలోనే తగ్గుతుంది. హెర్జ్‌బెర్గ్ పద్ధతిలో కొలిస్తే 41కి 54 సెకన్లు, 40కి 340, 42కి 1,870 సెకన్లు. అంటే 41తో పోలిస్తే 42లో నీరు దిగడానికి 30 రెట్లకు పైగా సమయం పడుతుంది.

ఈ తేడా చూసి 41 మీదికి చెయ్యి వెళ్తుంది. బేరియం సల్ఫేట్ విషయంలో ఆ చేతిని ఆపండి. అది సన్నని స్ఫటికాలుగా దిగే పదార్థం. 41లోంచి జారిపోయిన కణాలు కంటికి ఆనకపోవచ్చు, తక్కెడకు మాత్రం లోటుగా తెలుస్తాయి. జర్మన్ కంపెనీ ష్లైకర్ అండ్ ష్యూల్ కాగితాలు వాడే ల్యాబుల్లో ఇదే పనికి నీలి పట్టీ ఉన్న పెట్టె తీస్తారు. నల్ల పట్టీ వేగంగా దిగేది, తెల్ల పట్టీ మధ్యరకం, నీలి పట్టీ అన్నిటికంటే నెమ్మదైనది. పెట్టె మీద పేరు ఏదైనా సరే, సన్నని స్ఫటిక అవక్షేపానికి నెమ్మదైన కాగితమే కావాలి.

2. మంచి కాగితమని ప్రతి పనికీ వాడకండి

42 అంత మంచిదైతే అన్నిటికీ అదే వాడితే పోలేదా? పోదు. ఇనుమును అమోనియాతో దించితే వచ్చే ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ జిగురుగా, ఉండలుగా ఉంటుంది. దాన్ని 42 మీద పోస్తే రంధ్రాలు మూసుకుపోయి గంటల తరబడి చుక్క కూడా దిగదు. కాగితం మీద ముద్ద ఎండి పగుళ్ళిచ్చాక, పోసిన నీరు ఆ పగుళ్ళలోంచి జారిపోతుంది, ముద్ద లోపల మాలిన్యం అలాగే ఉండిపోతుంది. దీనికి 41 సరైనది. ఆ ఉండలు పెద్దవి కాబట్టి 41 వాటిని చక్కగా ఆపుతుంది.

సిల్వర్ క్లోరైడ్‌కైతే అసలు కాగితమే వద్దు. కాగితంతో కలిపి కాలిస్తే అందులోని కార్బన్ దాన్ని వెండి లోహంగా మార్చేస్తుంది. నికెల్‌ను డైమిథైల్ గ్లయాక్సిమ్‌తో దించినప్పుడు వచ్చే ఎర్రని అవక్షేపాన్నీ కాల్చరు, 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూస్తారు. ఈ రెండింటికీ అడుగున గాజు జల్లెడ ఉన్న జి4 క్రూసిబుల్ వాడాలి. అవక్షేపం స్వభావం చూసి కాగితాన్ని ఎంచుకోవాలి, కాగితం ఖరీదు చూసి కాదు.

3. కాగితం మీద భరోసా పెట్టుకోకండి

42 కాగితం ఆపగలిగేది 2.5 మైక్రాన్ల దాకానే. బేరియం సల్ఫేట్‌ను చల్లగా, గాఢంగా ఉన్న ద్రావణంలో ఒక్కసారిగా దించితే అంతకంటే చిన్న కణాలే కోట్లలో పుడతాయి. వాటిని ఆపే శక్తి ఏ మామూలు వడపోత కాగితానికీ లేదు. అప్పుడు కాగితాన్ని తిట్టుకోవడం, కంపెనీ మార్చడం దండగ.

రష్యన్ రసాయన శాస్త్రవేత్త ఫాన్ వైమర్న్ 20వ శతాబ్దం మొదట్లోనే దీని గుట్టు చెప్పాడు. కరగగలిగే హద్దును ద్రావణం ఎంత ఎక్కువగా దాటితే అన్ని ఎక్కువ విత్తులు ఒకేసారి పుడతాయి, ఒక్కోటి అంత చిన్నగా ఉండిపోతుంది. హద్దును కొద్దికొద్దిగా దాటితే పుట్టే విత్తులు తక్కువ, ఉన్నవే పెరుగుతాయి. కాబట్టి అవక్షేపం త్వరగా రావాలని చూడకండి, దాన్ని ఆలస్యం చేయండి. ద్రావణాన్ని నీళ్ళతో పలచన చేయండి. కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంచండి. దాదాపు మరిగే దాకా వేడి చేయండి. బేరియం క్లోరైడ్‌ను కూడా పలచన చేసి, వేడి చేసి, గాజు కడ్డీతో కలుపుతూ చుక్కచుక్కగా వదలండి. వడపోత బాగా సాగేదీ లేనిదీ తేలిపోయేది బీకరులోనే, గరాటులో కాదు.

4. పని అయిపోయినట్టు కనిపించాక కూడా బీకరును కదపకండి

అవక్షేపం అడుగుకు చేరింది, పైన తేట నిలిచింది. ఇక వడకట్టేద్దామనిపిస్తుంది. వద్దు. వాచ్ గ్లాసు మూసి, మరగనివ్వకుండా వేడిగా వదిలేయండి. కోసిన కాయను వెంటనే తినకుండా మాగబెట్టినట్టు, అవక్షేపాన్నీ దాని తల్లి ద్రావణంలోనే మాగనివ్వాలి. ఆ సమయంలో మరీ చిన్న స్ఫటికాలు కరిగి, ఆ పదార్థం పెద్దవాటి మీద పేరుకుంటుంది. స్ఫటికంలో చిక్కుకున్న ఇతర లవణాలు కొంతవరకు బయటికి వస్తాయి. సిమెంటు పరీక్షకు అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం సి 114 ఇందుకే 12 నుంచి 24 గంటలు ఉంచమంటుంది. సాయంత్రం దించి మర్నాడు ఉదయం వడకట్టడం ఇక్కడ బద్ధకం కాదు, పద్ధతిలో భాగం.

ఇదీ అన్నిటికీ వర్తించదు. మెగ్నీషియం ఉన్న ద్రావణంలో కాల్షియం ఆక్సలేట్‌ను రాత్రంతా వదిలేస్తే, మెగ్నీషియం ఆక్సలేట్ దాని మీద నెమ్మదిగా దిగి బరువు పెంచుతుంది. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ ఎక్కువసేపు ఉంటే ఇంకా జిగురవుతుంది. ఎంతసేపు ఆగాలో అవక్షేపాన్ని బట్టి తెలుసుకోండి, అంతసేపూ ఆగండి.

5. కాగితాన్ని వంకరగా మడిచి, మూల చింపండి

గుండ్రని కాగితాన్ని సగానికి మడిచి, మళ్ళీ సరిగ్గా సగానికి మడిస్తే చూడడానికి చక్కగా ఉంటుంది. కానీ అలా మడిచిన శంకువు గరాటు గోడకు సరిగ్గా అతుక్కోదు. రెండో మడతలో అంచులు ఒకదానికొకటి మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉండేలా మడవండి. పెద్దవైపు తెరిస్తే శంకువు కాస్త వెడల్పవుతుంది, పై అంచు గరాటుకు గట్టిగా ఆనుతుంది. తర్వాత మూడు పొరలున్న వైపు బయటి మడత మూలను చిన్న ముక్కగా చింపండి. అలా చింపకపోతే ఆ మడత దగ్గర సన్నని సందు మిగిలి, దాని గుండా గాలి చొరబడుతుంది. చింపిన ముక్కను పారేయకండి. బీకరు గోడకు అంటుకున్న చివరి రేణువులను దానితో తుడిచి, ఆ ముక్కను కూడా అవక్షేపంతో పాటు కాల్చాలి.

చేతులు కడుక్కుని, కాగితాన్ని అంచు దగ్గరే పట్టుకోండి, పటకారు ఉంటే మరీ మంచిది. వేళ్ళ చెమటలోని ఉప్పు కాల్చినా పోదు. ఆమ్లాలతో కడిగి మలినాలు తీసిన కాగితానికి మనమే మళ్ళీ ఉప్పు అంటించినట్టవుతుంది.

6. పంపును పక్కన పెట్టండి

దిగడం లేదని శంకువు కాగితానికి సక్షన్ పెడితే మొదట హుషారుగా దిగుతుంది. తర్వాత రెండింట్లో ఒకటి జరుగుతుంది. కింద ఆధారం లేని శంకువు మొన చిరిగి అవక్షేపమంతా జారిపోతుంది. లేదా సన్నని కణాలు రంధ్రాల్లోకి దూరి బిగుసుకుని, ముందుకంటే నెమ్మదిగా దిగుతుంది.

వేగం పెంచడానికి మీ చేతిలోనే రెండు మంచి దారులున్నాయి. మొదటిది గరాటు కాడ. పొడవైన కాడ ఉన్న గరాటు తీసుకుని, కాడ కింద వేలు మూసి నీళ్ళు పోసి, కాగితం అంచును కాస్త ఎత్తి మళ్ళీ నొక్కితే కాడ నిండా నీటి స్తంభం నిలుస్తుంది. వేలు తీశాక ఆ నీటి బరువే పైనున్న ద్రవాన్ని కిందికి లాగుతుంది. కాడ కొస కింది బీకరు గోడకు ఆనేలా పెట్టండి, చిందదు. రెండోది వేడి. 80 డిగ్రీల నీటి చిక్కదనం 25 డిగ్రీల నీటితో పోలిస్తే సుమారు రెండున్నర రెట్లు తక్కువ. వేడిగా వడకట్టగలిగిన అవక్షేపాన్ని వేడిగానే వడకట్టండి. పంపు చేసే మేలు దీనితోనే వస్తుంది, కీడు రాదు.

7. వడకట్టాల్సినదాన్ని చివరికి వదిలేయండి

వడకట్టేది అవక్షేపాన్నే అయినా, అది కాగితం మీదికి అన్నిటికంటే చివర రావాలి. ముందు పైనున్న తేటను గాజు కడ్డీ మీదుగా నెమ్మదిగా వంచండి. అడుగు కదలకూడదు. తర్వాత బీకరులోనే కొద్దిగా వేడినీళ్ళు పోసి కలిపి, తేరాక ఆ తేటనూ వంచండి. రెండు మూడుసార్లు ఇలా చేశాకే అవక్షేపాన్ని కాగితం మీదికి తీసుకోండి. మొదటే అవక్షేపాన్ని పోస్తే రంధ్రాలు మూసుకుని, తర్వాత పోసే 200 మిల్లీలీటర్ల తేట అంతా ఆ పొర గుండా దిగాల్సి వస్తుంది.

కాగితాన్ని అంచు దాకా నింపకండి, పైన ఒక సెంటీమీటరు వదలండి. బేరియం సల్ఫేట్ లాంటి సన్నని అవక్షేపాలు తడి గోడ వెంట పైకి పాకుతాయి, అంచు దాటితే కాగితం వెనక్కి చేరతాయి. బీకరు గోడలను రబ్బరు తొడుగు ఉన్న కడ్డీతో రుద్ది కడగండి. తెల్లని పొర కంటికి కనపడకపోయినా అక్కడే ఉంటుంది.

వడపోసిన ద్రవం మసకగా వస్తే అదే కాగితం మీద మళ్ళీ పోయండి. అప్పటికి రంధ్రాల మీద సన్నని పొర పేరుకుని ఉంటుంది కాబట్టి రెండోసారి తేటగా దిగుతుంది. మొండి అవక్షేపమైతే, బూడిద మిగలని కాగితాన్ని నీటిలో చితక్కొట్టి చేసిన గుజ్జును కొద్దిగా కలపండి. అదనంగా వేసిన ఆ గుజ్జు కాలిపోతుంది, అవక్షేపం మిగులుతుంది.

8. బాగా కడగాలంటే తక్కువ నీళ్ళు పోయండి

కాగితంలో 2 మిల్లీలీటర్ల మురికి ద్రావణం నిలిచి ఉందనుకోండి. 50 మిల్లీలీటర్ల నీళ్ళు ఒకేసారి పోసి దించితే 3.8 శాతం మలినం మిగులుతుంది. అవే 50 మిల్లీలీటర్లను పదేసి చొప్పున ఐదుసార్లు, ప్రతిసారీ పూర్తిగా దిగాక పోస్తే మిగిలేది 0.013 శాతం. ఖర్చయిన నీళ్ళు అవే, ఫలితం 300 రెట్లు మెరుగు. అవక్షేపానికి అతుక్కుని ఉన్న లవణాలకు ఈ లెక్క పూర్తిగా వర్తించదు కానీ దారి మాత్రం ఇదే.

నీళ్ళు ఎక్కువైతే ఇంకో ముప్పు ఉంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 2.4 మిల్లీగ్రాముల బేరియం సల్ఫేట్ కరుగుతుంది. అవక్షేపం దిగిన ద్రావణంలో బేరియం అదనంగా ఉంటుంది కాబట్టి అక్కడ నష్టం చాలా తక్కువ. కడిగే నీటిలో ఆ కాపలా లేదు. అందుకే క్లోరైడ్ పోయేదాకా కడిగి అక్కడితో ఆపేయాలి. దిగుతున్న నీటిని కొద్దిగా పట్టి, నైట్రిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి చూడండి. తెలుపు రాకపోతే ఇక చాలు.

కొన్నిసార్లు ఉత్త నీళ్ళే పనికిరావు. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌ను నీళ్ళతో కడిగితే అది మళ్ళీ కణాలుగా విడిపోయి కాగితం దాటుతుంది. కొద్దిగా అమోనియం నైట్రేట్ కలిపిన నీటితో కడగాలి, ఆ ఉప్పు కాల్చినప్పుడు పోతుంది. మంగంపేట ముగ్గురాయిని పరీక్షించేవాళ్ళు రాతిపొడిని సోడియం కార్బొనేట్‌తో కరిగించి, బేరియం కార్బొనేట్‌ను వడకడతారు. బేరియం కార్బొనేట్ బేరియం సల్ఫేట్ కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ కరుగుతుంది. కాబట్టి దాన్ని పలచని సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడగాలి. సల్ఫేట్ జాడ పోయేదాకా ఓపిగ్గా కడగకపోతే, తర్వాత ఆమ్లం పోసినప్పుడు కొంత బేరియం మళ్ళీ సల్ఫేట్‌గా దిగి, పారేసే మడ్డితో పాటు పోతుంది.

9. వడపోసిన నీటిని పారబోయకండి

అవసరమైనది కాగితం మీద ఉంది, కింద దిగింది దేనికని సింకులో పోసేస్తారు. రిపోర్టు మీద సంతకం అయ్యేదాకా దాన్ని పేరు రాసి పక్కన పెట్టండి. మొదట దిగిన దానిలో ఇంకో నాలుగు చుక్కల బేరియం క్లోరైడ్ వేసి, అవక్షేపం పూర్తిగా వచ్చిందో లేదో చూడండి. నల్లని కాగితం ముందు పెట్టి మసక ఉందేమో గమనించండి. పొద్దున బీకరు అడుగున తెల్లని పొడి కనిపిస్తే ఆ పరీక్ష మళ్ళీ చేయాల్సిందే.

పరమాణు భారాలను కచ్చితంగా తేల్చినందుకు 1914 నోబెల్ బహుమతి అందుకున్న అమెరికన్ శాస్త్రవేత్త థియోడర్ రిచర్డ్స్ ఈ పని మీద ఎంత పట్టుదలతో ఉండేవాడంటే, వడపోసిన ద్రవంలో మిగిలే సిల్వర్ క్లోరైడ్ మసకను కొలవడానికే నెఫెలోమీటర్ అనే పరికరం తయారు చేసుకున్నాడు. మనకు అంత అవసరం లేదు. చూసేదాకా పారబోయకుండా ఉంటే చాలు.

10. ఖరీదైన కాగితాన్ని తూచకుండా కాల్చేయండి

ముందు కాగితాన్ని తూచి, తర్వాత అవక్షేపంతో కలిపి ఆరబెట్టి తూచి, తేడా తీస్తే సరిపోదా అని అడుగుతారు. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మామూలు తేమలో 1 గ్రాము కాగితంలో సుమారు 60 మిల్లీగ్రాముల నీరుంటుంది. మనం తూచాల్సిన అవక్షేపం 73 మిల్లీగ్రాములు. విశాఖ, కాకినాడల్లో వర్షాకాలపు గాలి ఈ లెక్కను గంటకో రకంగా మారుస్తుంది. అందుకే కాగితాన్ని లెక్కలోంచే తప్పించాలి, దానికి దారి కాల్చడమే.

అలా కాల్చగలగడానికి చాలామంది కష్టపడ్డారు. 19వ శతాబ్దం మొదట్లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ కాలంలో గ్రిక్స్‌బో మిల్లు కాగితం బూడిద తక్కువని పేరు తెచ్చుకుంది. అయినా ఆనాటి విశ్లేషకులు కాగితపు బూడిదను విడిగా తూచి తీసివేయాల్సి వచ్చేది. 1880ల్లో జర్మనీలోని డ్యూరెన్ పట్టణపు ష్లైకర్ అండ్ ష్యూల్ కంపెనీ కాగితాన్ని హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలతో కడిగి ఖనిజాలను, సిలికాను తొలగించాక ఆ బాధ తీరింది. ఈనాటి 42లో బూడిద హద్దు 0.007 శాతం. 11 సెంటీమీటర్ల కాగితం బరువు సుమారు 0.95 గ్రాము, అంటే కాలాక మిగిలేది 0.07 మిల్లీగ్రాములకు మించదు. మన తక్కెడ చూపే అతి చిన్న అంకె 0.1 మిల్లీగ్రాము. అదే చోట మామూలు 1వ నంబరు కాగితం వాడితే బూడిద 0.5 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. అయినా బ్లాంక్ పరీక్ష మానకండి. అంటే సిమెంటు లేకుండా, అవే రసాయనాలు, అదే పెట్టెలోని కాగితం, అదే కొలిమితో ఒకసారి చేసి తూచడం. ఆ బరువు తీసివేశాకే ఫలితం రాయండి.

11. కాల్చండి, కానీ మంట రానివ్వకండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తడి కాగితాన్ని క్రూసిబుల్‌లో పెట్టి ఎర్రగా కాగుతున్న మఫుల్ ఫర్నేస్‌లోకి తోస్తే కాగితం భగ్గుమంటుంది, ఆ ఊపులో సన్నని అవక్షేపం పొగతో పాటు లేచిపోతుంది. మరో నష్టం కంటికి కనిపించదు. వేడి కార్బన్ బేరియం సల్ఫేట్‌లోని ఆక్సిజన్‌ను లాగేసి దాన్ని బేరియం సల్ఫైడ్‌గా మారుస్తుంది. 73 మిల్లీగ్రాముల్లో ఇరవయ్యో వంతు అలా మారినా బరువు సుమారు 1 మిల్లీగ్రాము తగ్గుతుంది.

అందుకని మొదట చిన్న వేడి మీద ఆరనివ్వండి. తర్వాత మంట రాకుండా, పొగ మాత్రమే వచ్చేలా నల్లబడనివ్వండి. మంట అంటుకుంటే ఊదకండి, వెంటనే మూత పెట్టి బర్నరు తీసేయండి. నల్లదనం పూర్తిగా పోయి తెల్లబడేదాకా, మూత కాస్త తెరిచి, గాలి బాగా తగిలేలా తక్కువ వేడిలోనే ఉంచండి. కార్బన్ పోయాకే 800 నుంచి 900 డిగ్రీలకు వెళ్ళండి. సల్ఫైడ్ ఏర్పడిందని అనుమానమొస్తే చల్లార్చి, ఒకటి రెండు చుక్కల పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, ఫ్యూమ్ హుడ్‌లో తెల్లపొగలు పోయేదాకా మెల్లగా వేడిచేసి, మళ్ళీ కాల్చండి. ఫెర్రిక్ ఆక్సైడ్‌కూ గాలి ఆడాలి, లేకపోతే కొంత మాగ్నెటైట్‌గా మారుతుంది.

12. ఖాళీ క్రూసిబుల్ మీద సమయం పెట్టండి, సరైన అంకెను అనుమానించండి

20 గ్రాముల క్రూసిబుల్‌లో 73 మిల్లీగ్రాముల సరుకు. ఖాళీ క్రూసిబుల్ బరువు తప్పితే మిగతా శ్రమంతా వృథా. దాన్ని కూడా అదే వేడిలో కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, తూచి, మళ్ళీ కాల్చి తూచి, రెండు బరువులకూ తేడా 0.2 మిల్లీగ్రాములకు తగ్గేదాకా చేయండి. తర్వాత నిండిన క్రూసిబుల్‌కూ అదే వేడి, అంతేసేపు చల్లార్చడం. వేడి క్రూసిబుల్‌ను తక్కెడ మీద పెడితే చుట్టూ గాలి పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది. డెసికేటర్‌లో సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకు తిరిగితే మార్చండి.

ఇంత చేశాక తెలిసిన నమూనాకు సరైన విలువ వస్తే సంతోషించే ముందు ఒక్క మాట. బేరియం సల్ఫేట్ పరీక్షలో చిక్కుకుపోయిన బేరియం క్లోరైడ్ బరువును పెంచుతుంది. సోడియం, పొటాషియం సల్ఫేట్లు చిక్కుకుంటే ఫలితం తగ్గుతుంది. సల్ఫైడ్ ఏర్పడినా తగ్గుతుంది. రెండు వైపుల తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన అంకె రావడం ఈ పరీక్షలో బాగా తెలిసిన సంగతి. అలా వచ్చిన అంకె రేపు వేరే సిమెంటుకు రాదు. ఒకే శాంపిల్‌ను వేర్వేరు బరువుల్లో తీసుకుని చేయండి. తెలిసినంత సల్ఫేట్‌ను అదనంగా కలిపి అది తిరిగి వస్తోందో లేదో చూడండి. అప్పుడే ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ల్యాబు పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ కెమిస్టుకు ఖరీదైన కాగితం కొనిస్తున్నారు, సున్నితమైన తక్కెడ కొనిస్తున్నారు. వాటితో పాటు సమయం కూడా ఇవ్వండి. సాయంత్రం దించి ఉదయం వడకట్టే వీలున్న షిఫ్టు పెట్టండి. ఒకే రోజులో తేల్చమని ఒత్తిడి చేస్తే వచ్చేది ఫలితం కాదు, ఒక అంకె మాత్రమే. బల్ల దగ్గర నిలబడే కెమిస్టుకు చెప్పేది కూడా ఇదే: నీళ్ళు దిగుతున్నంతసేపు విసుక్కోకండి. మీరు సంతకం పెట్టిన శాతాన్ని నమ్మి ఒక సిమెంటు బస్తా బయటికి వెళ్తుంది, దానితో ఎవరో ఇల్లు కట్టుకుంటారు.